మధురపూడి నుంచి మస్కట్ దాకా: రెండు విమానాశ్రయాల మధ్య గాలి దూరం, ప్రయాణ సమయం మీరే లెక్క కట్టుకోండి

కోనసీమలో గల్ఫ్‌కి ఎవరూ వెళ్లని వీధి దొరకడం కష్టం. మస్కట్‌లో వదిన, కువైట్‌లో తమ్ముడు, దోహాలో మేనల్లుడు ఉంటారు. వాళ్లకి తోడు ఇప్పుడు అమెరికా పిల్లలు. ఇంట్లో ఒకరు విమానం ఎక్కారంటే వెనక ఉన్నవాళ్లందరికీ ఒకటే టెన్షన్: ఎప్పటికి దిగుతారు, ఎప్పుడు ఫోన్ చేస్తారు? ఏజెంటుని అడిగితే ఒక మాట చెబుతాడు, టికెట్ చూస్తే ఇంకో లెక్క కనిపిస్తుంది. ఈ లెక్క ప్రతి ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉండాలని నా కోరిక. పదో తరగతిలో చదివిన సైన్, కాస్ గుర్తుంటే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు. ఫోన్లో కాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం చాలు.

ముందు "దూరం" అంటే ఏ దూరమో తేల్చుకుందాం. సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ అవతల నరసాపురం కళ్లెదుటే ఉంటుంది. పంటు ఎక్కితే ఏరు దాటేసినట్టే. పంటు తిరగని రోజున బండి మీద వెళ్లాలంటే దిండి దాకా పోయి, చించినాడ వంతెన ఎక్కి, అవతలి గట్టు వెంబడి మళ్లీ కిందకి రావాలి. అవే రెండు ఊళ్లకి రెండు దూరాలు. అమలాపురం నుంచి మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే 60 కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు మీద 80 దాకా వస్తుంది. విమానం విషయంలోనూ నేరు దూరం వేరు, అది నిజంగా ఎగిరే దారి వేరు. మనం మొదట నేరు దూరం కడతాం, తర్వాత దారిలోని వంకర్లకి, గాలికి, నేల మీద నడకకి సమయం కలుపుకుంటాం.

మొదటి మెట్టు: ఏ విమానాశ్రయమో ఖాయం చేసుకోండి

ఊరి పేరు చాలదు. గోవాలో దబోలిం ఉంది, మోపా ఉంది. ముంబైకి ఇప్పుడు నవీ ముంబై కూడా తోడైంది. అందుకే టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ చూడండి. రాజమండ్రికి ఆర్‌జేఏ, గన్నవరానికి వీజీఏ, విశాఖకి వీటీజెడ్, శంషాబాద్‌కి హెచ్‌వైడీ, మస్కట్‌కి ఎంసీటీ, కువైట్‌కి కేడబ్ల్యూఐ. భీమవరం, తాడేపల్లిగూడెం వైపు వాళ్లు మధురపూడి, గన్నవరం రెండూ పోల్చి చూసుకుంటారు కాబట్టి లెక్క రెండింటి నుంచీ వేసుకోవడం మేలు.

రెండో మెట్టు: అక్షాంశం, రేఖాంశం

ఫోన్ మ్యాప్‌లో రన్‌వే మధ్య వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మన లెక్కకి కావలసినవి ఇవి:

మధురపూడి: 17.11 ఉత్తరం, 81.82 తూర్పు
శంషాబాద్: 17.23 ఉత్తరం, 78.43 తూర్పు
ఢిల్లీ: 28.56 ఉత్తరం, 77.10 తూర్పు
మస్కట్: 23.59 ఉత్తరం, 58.28 తూర్పు
కువైట్: 29.23 ఉత్తరం, 47.97 తూర్పు

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. కొన్నిచోట్ల అంకెలు డిగ్రీలు, నిమిషాల్లో ఇస్తారు. మధురపూడి రేఖాంశం 81 డిగ్రీల 49 నిమిషాలు అని కనిపిస్తే దాన్ని 81.49 అని రాసుకోకూడదు. 49ని 60తో భాగించాలి. 0.82 వస్తుంది, అంటే 81.82. పొరపాటున 81.49 వేస్తే మన విమానాశ్రయం పడమటికి 35 కిలోమీటర్లు జరిగిపోతుంది. అమెరికా లాంటి పశ్చిమార్ధ గోళపు ఊళ్లకైతే రేఖాంశం ముందు మైనస్ గుర్తు మర్చిపోకండి.

మూడో మెట్టు: దగ్గర దూరాల లెక్క

దేశం లోపలి ప్రయాణాలకి పెద్ద సూత్రాలు అక్కర్లేదు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం భూమధ్య రేఖ దగ్గర 111 ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గిపోతుంది. మన గోదావరి అక్షాంశం దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ 106 కిలోమీటర్లు. డెల్టాలో ఉన్నవాళ్లకి ఈ 111, 106 రెండూ నోటికి వచ్చేస్తే సగం పని అయిపోయినట్టే.

మధురపూడి నుంచి శంషాబాద్ చూద్దాం. రేఖాంశాల తేడా 3.39 డిగ్రీలు. 106తో గుణిస్తే 359 కిలోమీటర్లు. అక్షాంశాల తేడా 0.12, అంటే 13 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు, మనకి కావలసింది కర్ణం. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 360 వస్తుంది. అంటే విమానం దాదాపు నేరుగా పడమటికి పోతుంది. రైల్లో అయితే ముందు విజయవాడకే 150 కిలోమీటర్లు దిగువకి పోయి, అక్కడి నుంచి మళ్లీ వాయవ్యంగా ఎక్కాలి. రాత్రంతా రైల్లో కూర్చోవలసిన దూరం గాల్లో గంట పని కావడానికి వేగంతో పాటు ఈ నేరు గీత కూడా కారణమే.

2024 డిసెంబరులో రాజమండ్రి నుంచి ఢిల్లీకి నేరు విమానం మొదలైంది. దాని దూరమూ ఇలాగే కట్టొచ్చు, కాకపోతే 106కి బదులు దారి మధ్యలో ఉండే అక్షాంశం తీసుకోవాలి. 17.11, 28.56 మధ్య సగటు 22.8. కాస్ 22.8 అంటే 0.92. దాన్ని 111తో గుణిస్తే 102. రేఖాంశ తేడా 4.72కి 483 కిలోమీటర్లు, అక్షాంశ తేడా 11.45కి 1,271 కిలోమీటర్లు. కర్ణం 1,360.

నాలుగో మెట్టు: దూర దేశాల లెక్క

సముద్రాలు దాటే ప్రయాణాలకి భూమి గుండ్రం కాబట్టి త్రిభుజం చాలదు. చూడండి: శంషాబాద్ నుంచి మస్కట్‌కి 106 పెట్టి గుణిస్తే దాదాపు 2,250 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం 2,210. నలభై కిలోమీటర్లు పోతే పోనీలెమ్మనుకోవచ్చు గానీ అమెరికా లెక్కకి వచ్చేసరికి ఈ పద్ధతి పూర్తిగా తప్పుతుంది.

సరైన పద్ధతి ఇది. కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే సైన్, కాస్ బొత్తాలు కనిపిస్తాయి. అది "డిగ్రీ" మోడ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. ఇంకేదైనా వస్తే రేడియన్ మోడ్‌లో ఉన్నట్టు.

ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. శంషాబాద్‌కి సైన్ 17.23 అంటే 0.2962, మస్కట్‌కి సైన్ 23.59 అంటే 0.4002. లబ్ధం 0.1185. దీన్ని పక్కన పెట్టండి. తర్వాత రెండు అక్షాంశాల కాస్‌లు, రేఖాంశాల తేడా కాస్, ఈ మూడూ గుణించండి. 0.9551, 0.9164, తేడా 20.15కి 0.9388. లబ్ధం 0.8217. పక్కన పెట్టినదానికి ఇది కలిపితే 0.9402. ఇప్పుడు కాస్ విలోమం (cos⁻¹) బొత్తాం నొక్కండి. సుమారు 19.9 డిగ్రీలు వస్తుంది. అంటే భూమి కేంద్రం నుంచి చూస్తే ఈ రెండు ఊళ్ల మధ్య కోణం 19.9 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 2,210 పైన. మధ్యలో అంకెలు మరీ కుదించకుండా నాలుగు దశాంశ స్థానాలైనా ఉంచండి.

ఇదే సూత్రంతో శంషాబాద్ నుంచి కువైట్ 3,370 కిలోమీటర్లు. మీరూ వేసి సరిచూసుకోండి, చేయి తిరుగుతుంది.

రెండు జాగ్రత్తలు. దగ్గర ఊళ్లకి ఈ సూత్రం వాడకండి, జవాబు 1కి అతి దగ్గరగా వచ్చి చిన్న కుదింపుకే దూరం తారుమారవుతుంది. వాటికి త్రిభుజమే నయం. ఇక భూమి పూర్తి గోళం కాదు, భూమధ్య రేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. మనం సగటున 6,371 ఉన్నట్టు లెక్క కట్టాం. దానివల్ల వచ్చే తేడా అర శాతం లోపే, టికెట్ కొనేవాళ్లకి దాంతో పని లేదు.

ఇలా వచ్చే దూరాన్ని గోళం మీద అతి దగ్గర దారి అంటారు. గోడ మీద మ్యాప్‌లో అది వంగినట్టు కనిపిస్తుంది, గ్లోబు మీద దారం బిగించి పెడితే నేరుగా ఉంటుంది. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోలనే తీసుకోండి. ఒకటి 77.7 తూర్పు, ఇంకోటి 122.4 పడమర. రెండూ కలిపితే 200, అంటే అటువైపు నుంచి చూస్తే 160 డిగ్రీల తేడా. ఈ తేడా సరిగ్గా 180 అయితే దగ్గర దారి ధ్రువం మీదుగానే పోతుంది. 160 కాబట్టి ధ్రువానికి దగ్గరగా పోతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పూర్తిగా మహిళా పైలట్లే ఎయిరిండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు. ఆ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య నేరు దూరం 13,993 కిలోమీటర్లు.

విమానాల వాళ్లు దూరాన్ని నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609. ఎక్కడైనా మస్కట్ దూరం 1,195 అనో 1,375 అనో కనిపిస్తే కంగారు పడకండి, కొలత మారిందంతే.

ఐదో మెట్టు: దూరాన్ని గంటల్లోకి మార్చడం

టికెట్ మీద రాసే సమయం గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన అడ్డు చెక్కలు తీసిన దగ్గర్నుంచి, దిగిన చోట మళ్లీ పెట్టే దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఇందులో విమానం రన్‌వే దాకా నడవడం, వరసలో ఆగడం, ఎక్కడం, దిగడం అన్నీ ఉంటాయి.

నేను వాడే కొలత ఇది. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి జెట్‌కి దూరాన్ని 800తో భాగించి అరగంట కలుపుతాను. ఆ విమానాలు పైన గంటకి 830 కిలోమీటర్ల దాకా పోతాయి, దారి వంకర్లకి కొంత తగ్గించి 800 పెట్టుకున్నానన్నమాట. బయటికి ఫ్యాన్లు కనిపించే ఏటీఆర్‌కి 480తో భాగించి 20 నిమిషాలు కలుపుతాను. ఖండాలు దాటే పెద్ద విమానాలకి 850తో భాగించి అరగంట.

మధురపూడి నుంచి శంషాబాద్ 360 కిలోమీటర్లు. ఏటీఆర్‌కి 45 నిమిషాలు, పైన 20, మొత్తం గంటా ఐదు నిమిషాలు. జెట్‌కి 27 నిమిషాలు, పైన 30, మొత్తం 57 నిమిషాలు. తేడా ఎనిమిది నిమిషాలే! జెట్ అయితే సగం సమయంలో పోవచ్చని చాలామంది అనుకుంటారు. ఇంత దగ్గర దూరంలో జెట్ పైకెక్కి సర్దుకునేలోపే కిందకి దిగడం మొదలుపెట్టాలి, దాని వేగం చూపించుకునే వ్యవధే ఉండదు. అందుకే హైదరాబాద్‌కి ఏటీఆర్ వచ్చిందని ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే నాకు బాధేస్తుంది. ఇలాంటి దూరాలకి అది చక్కగా సరిపోయే విమానం.

ఢిల్లీకి 1,360ని 800తో భాగిస్తే గంటా 42 నిమిషాలు, అరగంట కలిపితే రెండుంపావు గంటలకి కాస్త అటూ ఇటూ. శంషాబాద్ నుంచి మస్కట్‌కి మూడుంపావు గంటలు. కువైట్‌కి నాలుగూముప్పావు. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోలకి 850 పెట్టి వేస్తే దాదాపు 17 గంటలు. 2021 నాటి ఆ విమానానికి పట్టిందీ ఇంచుమించు అంతే.

ఆరో మెట్టు: గాలి

వెళ్లేటప్పుడు ఐదు గంటలు, వచ్చేటప్పుడు నాలుగున్నరేనా అని కువైట్ వాళ్లు అడుగుతుంటారు. కారణం పై గాలి. చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ పై భాగాల మీదుగా దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి నది లాంటిది పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. అందులో వేగం గంటకి 150 కిలోమీటర్లు దాటడం మామూలే. దారంతా అది తగలదు కాబట్టి సగటున గంటకి 60 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకుందాం. 3,370ని 800 బదులు 740తో భాగిస్తే నాలుగు గంటల 33 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది, 860తో భాగిస్తే మూడు గంటల 55 నిమిషాలు. రెండింటికీ అరగంట కలపండి. ఐదు గంటలు, నాలుగున్నర గంటల తేడా ఎక్కడిదో అర్థమవుతుంది.

వర్షాకాలంలో మన దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ద్వీపకల్పం పైన తూర్పు నుంచి పడమటికి వీచే ఇంకో జెట్ స్ట్రీమ్ ఏర్పడుతుంది. దాన్ని 1950ల్లో గుర్తించి వివరించింది మన దేశ వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్‌గానూ పనిచేశారు. ఆ గాలి ఉండేది విమానాలు ఎగిరే ఎత్తు కంటే పైనే అయినా దాని అడుగు భాగం తగులుతుంది. అందుకని శ్రావణ మాసంలో మస్కట్ వెళ్లేవాళ్లకి ఎదురుగాలి కలపాల్సిన పని అంతగా ఉండదు.

గాలి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే ఎయిరిండియా విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా పోయేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా తిప్పారు. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా వెనకగాలి పుణ్యమా అని పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందే. ఇంకో పక్క, గగనతలం మూసేస్తే గాలి కూడా ఏమీ చేయలేదు. 2019 ఫిబ్రవరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. మన తీరం నుంచి గల్ఫ్ పోయే దారి ఎక్కువగా అరేబియా సముద్రం మీదుగా కాబట్టి మనవాళ్లకి ఆ దెబ్బ తక్కువ.

ఏడో మెట్టు: గడియారాలు

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. మాట వరసకి, శంషాబాద్‌లో రాత్రి 9:00కి బయల్దేరి కువైట్‌లో 11:15కి దిగుతుందని ఉందనుకోండి. "రెండుంపావు గంటల్లో దిగిపోతాడంట కదండీ, ఇంకా ఫోన్ రాలేదేంటి?" అని అర్ధరాత్రి తల్లి కంగారు పడుతుంది. నిజానికి కొడుకు అప్పటికింకా సముద్రం మీదే ఉంటాడు.

లెక్క ఇది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మనకి దగ్గర్లోనే, కాకినాడకి కాస్త తూర్పుగా, తుని పక్క నుంచి పోతుంది. కువైట్ గడియారం 45 డిగ్రీలది. తేడా 37.5, నాలుగుతో గుణిస్తే 150 నిమిషాలు. అంటే కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మస్కట్‌ది 60 డిగ్రీలు, తేడా 22.5, గంటన్నర వెనక. దుబాయ్ కూడా మస్కట్ లాగే, దోహా కువైట్ లాగే.

పడమటికి వెళ్లేటప్పుడు టికెట్ మీది తేడాకి ఈ గంటలు కలపాలి. రెండుంపావుకి రెండున్నర కలిపితే నాలుగూముప్పావు, మనం పైన కట్టిన లెక్కతో సరిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు తీసేయాలి. ఆ శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అక్కడ జనవరి 9 రాత్రి ఎక్కి, ఇక్కడ 11 తెల్లవారుజామున దిగింది. క్యాలెండరు చూస్తే ముప్పై గంటల పైన, అందులో పదమూడున్నర గంటలు గడియారాల తేడా. టికెట్ మీద దిగే సమయం పక్కన చిన్న ప్లస్ ఒకటి కనిపిస్తే మర్నాడు దిగుతుందని అర్థం. తేదీ అక్కడ సరిచూసుకోకుండా కారు మాట్లాడొద్దు.

ఎనిమిదో మెట్టు: గుమ్మం నుంచి గుమ్మం దాకా

అమలాపురం నుంచి మస్కట్ వెళ్లేవాళ్లకి వెనక నుంచి లెక్క వేద్దాం. శంషాబాద్‌లో విమానం రాత్రి 9:00కి అనుకుందాం. మూడు గంటల ముందు, అంటే 6:00కి కౌంటర్ దగ్గర ఉండాలి. మధురపూడి విమానం, మస్కట్ విమానం వేర్వేరు టికెట్లయితే సామాను దించుకుని మళ్లీ అప్పగించాలి. మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత ఎవరూ తీసుకోరు. కాబట్టి మధ్యలో ఐదు గంటలు ఉంచండి. మధురపూడిలో 2:30కి ఎక్కితే 3:40కల్లా దిగుతారు. అక్కడికి 12:30కి చేరాలి. రావులపాలెం, జొన్నాడ మీదుగా రెండు గంటలు, ట్రాఫిక్‌కి ఇంకో అరగంట. ఇంట్లోంచి ఉదయం 10:00కి బయల్దేరాలి. మస్కట్‌లో దిగేసరికి మన గడియారంలో అర్ధరాత్రి దాటి పావుగంట. విమానంలో నాలుగున్నర గంటలే, ప్రయాణం మాత్రం పద్నాలుగు గంటల పైన.

రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను. అందులో పెద్దవాళ్లు, మొదటిసారి వెళ్లే ఆడపిల్లలు ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు. సంక్రాంతి రోజుల్లో రోడ్డు మీద అరగంట బదులు గంట పెట్టుకోండి. పుష్య మాసంలో ఉదయం పూట మధురపూడిలో మంచు పట్టి విమానాలు ఆలస్యమవుతుంటాయి, ఆ నెలల్లో హైదరాబాద్‌లో వేరే విమానం అందుకోవాల్సినవాళ్లు తెల్లవారుజాము సర్వీసు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఇంట్లో ఉండేవాళ్లకి. ఫ్లైట్ నంబరు, మన గడియారం ప్రకారం దిగే సమయం, రెండూ కాగితం మీద రాయించుకోండి. ఆ నంబరు ఫోన్లో వెతికితే విమానం ఎక్కడుందో కనిపిస్తుంది. దిగాక ఇమిగ్రేషన్, సామాను, సిమ్ కార్డు, వైఫై దొరకడం, వీటన్నిటికీ గంటన్నర వేసుకోండి. పై లెక్కలో మస్కట్ ఫోన్ రావలసింది రాత్రి ఒంటిగంటా నలభై ఐదుకి. అప్పటిదాకా అమ్మని పడుకోమనండి.